మహారాజశ్రీ లైను గారికి

మహారాజశ్రీ 65 అక్షరాల లైను గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మెడనొప్పి, నడుంనొప్పి, కుడిచెవిలో గుయ్యిమనే మోత ఉన్నాయి గానీ, అవేవీ లెక్కలోకి రావు కనక క్షేమమనే రాస్తున్నాను.

ఇది బహిరంగ లేఖ కాబట్టి మీరెవరో నలుగురికీ చెప్పాలి. అమెరికాలో డాక్టరు పేషెంటును చూశాక, ఏం కనిపించిందో, ఏం మందు రాశాడో ఫోన్లోనో రికార్డర్లోనో గబగబా చెప్పేస్తాడు. ఆ ఆడియో హైదరాబాదులో నాలాంటి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టు చెవుల్లోకి వస్తుంది. మమ్మల్ని పొట్టిగా ఎంటీ అంటారు. మేం విని, టైపు చేసి, ఆయన పొద్దున ఆస్పత్రికొచ్చే సరికి రిపోర్టు పెట్టాలి. దీనికి కూలి గంటల్లెక్కన కాదు, మీ లెక్కన. స్పేసులతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను, లైనుకి ఇన్ని పైసలు.

మీది టైప్‌రైటర్ల నాటి లెక్క. ఎనిమిదిన్నర అంగుళాల అమెరికా కాగితం, రెండు పక్కలా అంగుళం చొప్పున మార్జిన్, మిగిలిన ఆరున్నర అంగుళాల్లో అంగుళానికి పది అక్షరాలు. వెరసి 65. టైప్‌రైటర్ పోయింది, కాగితం పోయింది, క్యాసెట్టు పోయింది. మీరు మాత్రం చెక్కుచెదరలేదు. పత్తి ఏరే కూలికి కిలో ఎలాగో నాకు మీరు అలాగ. కాకపోతే ఆ కూలి తూకం వేసేటప్పుడు కాటా ముల్లునైనా చూడొచ్చు. మీ తూకం నాకు నెలాఖరున ఎక్సెల్ షీటులో కనిపిస్తుంది.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల పక్కనే మా కోర్సుల బోర్డులూ వేలాడిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. బీఎస్సీ బీజెడ్‌సీ చదివి ఏం చెయ్యాలో తెలియని వాళ్లం, ఎంబీబీఎస్ సీటు తప్పిపోయిన వాళ్లం, ఫార్మసీ చదివి షాపులో నిలబడలేని వాళ్లం చేరాం. అనాటమీ చెప్పారు, వేర్లు చూసి మెడికల్ మాటలు విడదీయడం చెప్పారు, కాలికింద పెడల్ పెట్టి మధ్యలో నొక్కితే ఆడియో నడుస్తుందని, ఎడమవైపు నొక్కితే వెనక్కి వెళ్తుందని చూపించారు. మీ గురించి మాత్రం చివరి వారం దాకా ఎవరూ ఎత్తలేదు. ఇంట్లోవాళ్లు అమ్మాయి అమెరికా డాక్టర్ల దగ్గర పనిచేస్తోందని చెప్పుకున్నారు. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరో ఒక బాబాయి తన ఎక్స్‌రే ఫొటో ఫోన్లో తీసి చూపించి, "నువ్వు మెడికలే కదమ్మా, ఇదేంటో చూడు" అంటాడు.

ఇక అసలు సంగతికొస్తాను. మీ న్యాయబుద్ధి మీద నాకు కొన్ని సందేహాలున్నాయి.

సెలబ్రెక్స్, సెలెక్సా, సెరబిక్స్ అని మూడు మందులున్నాయి. మొదటిది కీళ్లనొప్పులకి, రెండోది డిప్రెషన్‌కి, మూడోది ఫిట్స్‌కి. నోట్లో శాండ్‌విచ్ పెట్టుకుని మాట్లాడే డాక్టరు చెప్తే మూడూ ఒక్కలాగే వినబడతాయి. అప్పుడేం చేస్తాం? పెడల్ వెనక్కి నొక్కి మళ్లీ వింటాం. స్పీడు తగ్గించి వింటాం. రిపోర్టు మొదటికెళ్లి పేషెంటుకి కీళ్లవాతం ఉందా, దిగులుందా, ఫిట్స్ ఉన్నాయా చూస్తాం. మోతాదు ఏ మందుకి సరిపోతుందో చూస్తాం. పావుగంట పోయాక మందేదో తేలుతుంది. తమరి తీర్పు ఏమిటంటే, ఇంగ్లీషు స్పెల్లింగులో వాతం మందు పేరుకి 8 అక్షరాలు, దిగులు మందుకి 6, ఫిట్స్ మందుకి 7. పావుగంటకి స్పెల్లింగులో చోటు లేదు.

ఇలియం సంగతి ఇంకా బాగుంటుంది. తుంటి ఎముక ఒక ఇలియం, చిన్నపేగు చివరి భాగం ఇంకో ఇలియం. పలకడంలో తేడా లేదు, స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. ఏది ఎక్కడ పడాలో తెలియడానికి నేను అనాటమీ చదివాను. మీకు రెండూ అయిదక్షరాలే. ఎముకని పేగులో పెట్టినా మీరు అంతే ఇస్తారు. మా రిపోర్టుల్లో తప్పులు పట్టే క్యూఏ మాత్రం ఊరుకోడు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా అంతే. మిల్లీగ్రాముల్లో మూడింతలకు పైగా తేడా, తమరి దృష్టిలో రెండంకెలు.

అన్నిటికన్నా అన్యాయం 'నో' అనే మాటకి జరిగింది. "నో చెస్ట్ పెయిన్" అని డాక్టరు గొణుగుతాడు. ఆ నో రెండక్షరాలు, పక్కన ఒక స్పేసు. లైనుకి రూపాయి అనుకున్నా దాని ఖరీదు అయిదు పైసలు కూడా రాదు. అది జారిపోతే మాత్రం లేని గుండెనొప్పి రిపోర్టులోకి వచ్చి కూర్చుంటుంది. క్రిటికల్ ఎర్రర్ అని రాసి, నా యాక్యురసీని 98 శాతం కిందకి లాగి, నెల ఇన్సెంటివ్ ఎత్తేస్తారు. పడితే అయిదు పైసలు, జారితే ఇన్సెంటివ్. ఇలాంటి బేరం మా మోండా మార్కెట్లో కూడా చూడలేదు.

మీ వల్ల నాకు లాభం జరిగిన సందర్భాలు లేకపోలేదు, అది కూడా చెప్పాలి. అమెరికా ఆస్పత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టిమాటల జాబితా ఒకటి పెట్టింది. ఇన్సులిన్ పక్కన యూ అని ఒక్కక్షరం రాస్తే అది సున్నాలా కనిపించి 10 యూనిట్లు 100 అయిపోతాయట, కాబట్టి యూనిట్ అని పూర్తిగా రాయాలి. నాకు మూడక్షరాలు లాభం. ఎంఎస్ అంటే మార్ఫిన్ సల్ఫేటో మెగ్నీషియం సల్ఫేటో తెలియదు, విడమరిచి రాయాలి. మార్ఫిన్ అయితే 14 అక్షరాలు మిగులు. ఐయూని ఇంటర్నేషనల్ యూనిట్ అని రాస్తే ఏకంగా 16. పేషెంట్ల ప్రాణాల కోసం పెట్టిన నియమం వల్ల నాకు చాయ్ ఖర్చు వచ్చిందని మనసులో దండం పెట్టుకున్నాను. కానీ అదే జాబితాలో 1.0 మిల్లీగ్రాములని రాయకూడదు, చుక్క కనిపించకపోతే 10 అనుకుంటారు, ఉత్తి 1 రాయమన్నారు. రెండక్షరాలు అక్కడ కోత పడింది.

ఇక డాక్టర్లు. కారు నడుపుతూ చెప్పేవాళ్లు, కుక్కని అదిలిస్తూ చెప్పేవాళ్లు, ఆవలిస్తూ చెప్పేవాళ్లు. ఒకాయన ఫ్లష్ చేసిన చప్పుడు వినిపించాకే డయాగ్నసిస్‌కి వస్తాడు. వీళ్లందరినీ క్షమించాను, పాపం వాళ్లకీ నిద్రలేదు. క్షమించలేనిది "స్క్రాచ్ దట్" అనేవాళ్లని. పేరా మొత్తం చెప్పి, నాతో టైపు చేయించి, చివర్లో స్క్రాచ్ దట్ అంటారు. వినడం విన్నాను, టైపు చెయ్యడం చేశాను, కొట్టెయ్యడమూ కొట్టేశాను. మూడు పనులకి కలిపి మీరిచ్చింది సున్నా. ఇంకొకాయన మొదట ఎడమ మోకాలు నొప్పంటాడు, ఆపరేషన్ పేరా వచ్చేసరికి కుడి మోకాలు కోస్తాడు. నేను బ్లాంక్ వదిలి, ఎడమా కుడా చూసుకోండి అని ఫ్లాగ్ పెడతాను. ఆ పేషెంటు కాలికి కాపలా కాసింది ఆ ఫ్లాగే. దానికి లైను కట్టరు, పైగా నెలాఖరున బ్లాంకులెక్కువయ్యాయని ఫీడ్‌బ్యాక్ వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నా అదృష్టానికి నేనే మురిసిపోతాను. మేం పనిచేసే ఆస్పత్రి అకౌంట్లో కష్టమైన యాస ఉన్న డాక్టర్ల జాబితా ఒకటుంటుంది. ఆ ఫైళ్లంటే అమెరికాలో కూర్చున్న ఎడిటర్లకి కూడా టెన్షన్. అందులో ఒక పెద్దాయన మనవాడే. ఎప్పుడు వెళ్లారో తెలియదుగానీ, 'ఓమిటింగ్' అన్న ఒక్క మాటతో కృష్ణా జిల్లా దాటి ఎక్కువ దూరం రాలేదని పట్టేశాను. వాళ్లకి ఆయన రిపోర్టు నిండా బ్లాంకులు, నాకు మా మేనమామ అన్నం దగ్గర మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పెడల్ వెనక్కి నొక్కక్కర్లేదు. మధ్యలో నర్సుతో ఏదో అని, తనలో తాను "అబ్బా, ఏంట్రా ఇది" అనుకుంటారు. హిపా చట్టం ప్రకారం పేషెంటు సంగతులు బయట చెప్పకూడదుగానీ డాక్టరు విసుగు చెప్పొచ్చనుకుంటాను. ఆయన ఫైళ్లు వచ్చిన రాత్రి లైన్లు దూసుకుపోతాయి. అది గమనించి మా టీమ్ లీడర్ ఆయన ఫైళ్లని కష్టమైన జాబితాలోంచి తీసేశాడు. కష్టం రేటు అదనంగా ఇచ్చేవాళ్లు కదా, అది ఆగింది.

రాత్రి అన్నాను కదా. వాళ్ల న్యూయార్క్‌కి మనం చలికాలంలో పదిన్నర గంటలు ముందు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. వాళ్లు గడియారం మార్చుకున్న వారం మా ఇంట్లో అన్నం వేళ మారుతుంది. సంక్రాంతికి ఫైళ్లు వస్తాయి, దీపావళికి వస్తాయి. నవంబరు నాలుగో గురువారం వాళ్లు టర్కీ కోడి తింటారు, ఆ రాత్రి మాకు ఫైళ్లుండవు. ఫైళ్లు లేకపోతే మీరు లేరు, మీరు లేకపోతే డబ్బులు లేవు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ దెబ్బకి ఒక పెద్ద డిక్టేషన్ ప్లాట్‌ఫాం రోజుల తరబడి మూతపడింది. ఎక్కడో ఉక్రెయిన్‌లో మొదలైన గొడవకి, దాని మీద ఆధారపడ్డ ఎంటీలు పెడల్ మీద కాలు పెట్టుకుని ఖాళీగా కూర్చున్నారు.

మధ్యలో మీరు సగమయ్యారు. కంప్యూటరే విని టైపు చేస్తుంది, మేం ఊరికే సరిచూస్తే చాలన్నారు. ఊరికే కాబట్టి సగం రేటన్నారు. కంప్యూటరు టైపు చేసింది నిజమో కాదో తెలియాలంటే ఆడియో మొత్తం వినాలి. అంటే వినడం పాతదే, అనుమానించడం కొత్తగా చేరింది, రేటు సగానికి పడింది. పైగా ఆ మెషీనుకి 'నో' అంటే మహా చులకన, సునాయాసంగా మింగేస్తుంది. 2021లో మాటల్ని అక్షరాలుగా మార్చే ఒక కంపెనీని మైక్రోసాఫ్ట్ 1,970 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. ఆ డబ్బుని లైన్లలోకి మార్చి చూద్దామని కాలిక్యులేటర్ తీశాను. దాని తెరలో అన్ని అంకెలు పట్టలేదు.

స్పేసులకి డబ్బెందుకు, కంటికి కనిపించే నల్ల అక్షరాలే లెక్కపెడదామని ఒక వాదన ఉంది, విన్నారా? స్పేసుబార్ కొట్టిన బొటనవేలు ఉచితసేవ చేస్తోందన్నమాట. "నా మామూలు ఎగ్జామ్ పెట్టెయ్" అని డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేస్తే, మేం పెట్టే రెడీమేడ్ పేరా ఒకప్పుడు మీ లెక్కలోకొచ్చేది. అదీ తీసేశారు. న్యాయమే, దాన్ని నేను టైపు చెయ్యలేదు. మరి చేసి కొట్టేసిన వాటి మాటేమిటని అడిగితే, సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదన్నారు.

ఇంతా తిట్టాక మీకొక వార్త చెప్పాలి. మీ సీటుకి కొత్తాయన వచ్చాడు. ఇప్పుడు డాక్టరు డిక్టేట్ చెయ్యనక్కర్లేదు. గదిలో ఫోను డాక్టరు మాటలు, పేషెంటు మాటలు వింటుంది, రిపోర్టు తనే అల్లేస్తుంది. మా పని చదివి సరిచేయడం, కూలి రిపోర్టుకి ఇంతని. అరపేజీ జలుబుకీ, ఆరు జబ్బులున్న ముసలాయనకీ ఒకటే రేటు. పాత మెషీను తప్పు వినేది, సరే. ఇది విననిది కూడా రాస్తుంది. మొన్న ఒక రిపోర్టులో పేషెంటు పొగతాగడని చక్కటి ఇంగ్లీషులో ఉంది. ఆ ముక్క ఎక్కడన్నాడా అని వెతికాను. లేని మాట లేదని తేల్చుకోవాలంటే ఆడియో మొదటినుంచి చివరిదాకా వినాలి కదా. విన్నాను. డాక్టరు ఆ ప్రశ్నే అడగలేదు. ఒక వాక్యం తీసేశాను. రిపోర్టు లెక్కలో వాక్యం తీసినా ఉంచినా ఒకటే, పైగా ఒక్కో రిపోర్టుకి ఇంత టైమేంటని చాట్‌లో మెసేజ్ వచ్చింది. మీ హయాంలో కనీసం ఆరు పేజీలకి ఆరు పేజీల డబ్బొచ్చేది.

అందుకని చార్జి అప్పగించే ముందు నాకో ఉపకారం చెయ్యండి. మీ తర్వాత వచ్చేవాడికి రాసిచ్చే కాగితంలో, అక్షరాలు, స్పేసులు, హెడర్లు, ఫుటర్లు అన్నీ రాశాక, అడుగున 'వినడం' అని ఒక ఐటం చేర్చండి. ఇంతవరకు బడ్జెట్ కేటాయించలేదని నిజమే రాయండి. ఆయన చూసి కొట్టేస్తే కొట్టేశాడు, అదైనా ఒకసారి చదవాలి కదా.

ఇట్లు,
తమ విధేయ ఎంటీ

తా.క.: పోయిన నెల బిల్లులో సంతకం లైన్లు కోసేశారు. సంతకం డాక్టరుది, నిజమే. కానీ ఆ పేరు టైపు చేసేది నేను, అది అచ్చులు దొరకని పోలండ్ పేరు, ఆయన స్పెల్లింగు కూడా చెప్పడు. దయచేసి విచారించగలరు.