‘కనబడుటలేదు’

2023 జనవరిలో ఫాక్స్ చానల్ ‘అలర్ట్: మిస్సింగ్ పర్సన్స్ యూనిట్’ ధారావాహికను మొదలుపెట్టినప్పుడు అమెరికా సమీక్షకులు చాలామంది పెదవి విరిచారు. ఫిలడెల్ఫియా పోలీసు శాఖలో తప్పిపోయినవారిని వెతికే విభాగం, విడాకులు తీసుకున్న ఇద్దరు అధికారులు, ఆరేళ్ల కిందట మాయమైన వారి కొడుకు. ఇంత బరువైన కథను నమ్మశక్యం కాని మలుపులకు బలిపెట్టారన్న విమర్శ న్యాయమైనదే. మా ఫిర్యాదు అంతకంటే పెద్దది.

చనిపోయినవారికోసం ఏడ్చి, కర్మ చేసి, ఫొటోకు దండ వేస్తారు. కనిపించకుండా పోయినవారి ఫొటోకు దండ వేయడానికి చేయి రాదు. రాత్రి తలుపు గడియ పెట్టడానికీ మనసొప్పదు. వారానికో కేసు తేల్చేసే హడావిడిలో ‘అలర్ట్’ ఈ ఎదురుచూపును దాదాపు మరిచిపోయింది. 2002 నుంచి 2009 దాకా సీబీఎస్‌లో వచ్చిన ‘వితౌట్ ఎ ట్రేస్’ కూడా పోలీసు కథే. అయినా అది తప్పిపోయిన మనిషి చివరి గంటలను ఓపికగా పేర్చుకుంటూ వచ్చేది. చాలా భాగాల చివర, నిజంగా తప్పిపోయినవారి వివరాలనూ చూపేది.

అసలు పోలీసులు ఎవరి కోసం అంత వేగంగా కదులుతారు? తెల్లజాతి యువతి తప్పిపోతే తప్ప మీడియాకు పట్టదని పాత్రికేయురాలు గ్వెన్ ఐఫిల్ 2004లోనే ఎత్తిచూపారు. 2023 అక్టోబరులో ఎన్‌బీసీ ప్రారంభించిన ‘ఫౌండ్’ ఆ ప్రశ్ననే కథగా మలిచింది. అందులోనూ అతి ఉంది. అయినా ఎవరూ వెతకని వారి పక్షాన నిలబడినందుకు దానికి మా గౌరవం. ‘అలర్ట్’, ‘ఫౌండ్’ రెండూ 2025లో ఆగిపోయాయి.

ఆ ప్రశ్న మనకూ తగిలేదే. పిల్లలు తప్పిపోయారన్న ఫిర్యాదు అందగానే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు చేయాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. ఆరేళ్ల తరవాత, 2019 నవంబరులో, శంషాబాద్ దగ్గర ఒక యువతి కనిపించకుండా పోయిన రాత్రి పోలీసులు తమ పరిధి కాదంటూ తిప్పారని ఆమె కుటుంబం వాపోయింది. ఫిర్యాదు నమోదులో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. అప్పటికే ఆమె ప్రాణం పోయింది.

తెలుగులో ఇలాంటి ధారావాహిక తీయదలచినవారికి మా విన్నపం ఒక్కటే. కారు వెంటపడే దృశ్యంతో మొదలుపెట్టకండి. స్టేషన్ రైటర్ బల్ల ముందు నిలబడి, కూతురు ఇల్లు విడిచేటప్పుడు ఏ రంగు బట్టలు వేసుకుందో గుర్తుచేసుకోలేక తడబడుతున్న తల్లితో మొదలుపెట్టండి. ‘ఎక్కడికో వెళ్లి ఉంటుందిలే, రెండు రోజులు చూడండి’ అని అక్కడ ఎవరో అంటారు. ఆ రెండు రోజులనూ పూర్తిగా చూపండి.