డబ్బు కట్టి కొన్న సినిమా నాది కాదంటే ఎలా?

నిన్న రాత్రి, ఎప్పుడో ఆన్‌లైన్‌లో కొనుక్కున్న సినిమా ఒకటి చూద్దామని కూర్చున్నాను. లైబ్రరీలో పోస్టర్ ఉంది, పేరుంది, కింద నేను కొన్న తేదీ కూడా ఉంది. నొక్కితే చక్రం తిరిగి తిరిగి ‘ఈ వీడియో ప్రస్తుతం అందుబాటులో లేదు’ అని వచ్చింది. అద్దెకు తీసుకున్నది కాదండీ, కొన్నది! ఏ స్టోర్ అని అడక్కండి, ఈ విషయంలో ఎవరినీ నమ్మే పరిస్థితి లేదు.

మైక్రోసాఫ్ట్‌నే చూడండి. 2006 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ 360 అనే తమ గేమింగ్ యంత్రంలో సినిమాలు, టీవీ షోలు పెట్టినప్పుడు ఎంత సంబరపడ్డాం! హెచ్‌డీ సినిమా నేరుగా ఇంట్లో టీవీకే రావడం అప్పట్లో మామూలు విషయమా? తర్వాత దానికే ‘జూన్’ (Zune) అని పేరు పెట్టారు, 2012లో ఎక్స్‌బాక్స్ వీడియో అన్నారు, ఆపైన మూవీస్ అండ్ టీవీ అన్నారు. పేరు మారిన ప్రతిసారీ జనం నమ్మి వెంట నడిచారు. ఈలోగా అందరూ నెలనెలా చందా కట్టి చూడ్డానికి అలవాటు పడిపోయారు, విడిగా కొనేవాళ్లు తగ్గిపోయారు. 2025 జులై 18న అమ్మకాలు ఆపేశారు. పాతవి ఇంకా చూసుకోవచ్చట. ఎన్నాళ్లు? కొన్నవాళ్లకు కావాల్సిన జవాబు అదొక్కటే.

ఇంకా ఒళ్లు మండేది సోనీ వాళ్ల గేమింగ్ యంత్రం ప్లేస్టేషన్ సంగతి. 2021లో సినిమాల అమ్మకం ఆపారు, సరే. మరుసటి ఏడాది జర్మనీ, ఆస్ట్రియాల్లో స్టూడియోకెనాల్ అనే ఫ్రెంచ్ సంస్థ సినిమాలు కొన్నవాళ్ల లైబ్రరీల్లోంచే తీసేశారు! 2023 డిసెంబర్‌లో డిస్కవరీ షోలు కూడా పోతాయన్నారు, జనం గోల చేస్తే వెనక్కి తగ్గారు. అంటే అరిస్తేనే మన వస్తువు మన దగ్గర ఉంటుందన్నమాట. ఆ సినిమాల సంస్థలతో లైసెన్సు ఒప్పందం ముగిసిందట. ఆ ఒప్పందం వాళ్లూ వాళ్లూ చేసుకున్నది, నాకేం సంబంధం? నాకు చూపించింది ‘కొనండి’ అనే బటన్ ఒక్కటే. కాలిఫోర్నియాలో 2025 నుంచి, మీకు దక్కేది లైసెన్సు, అంటే చూసుకునే అనుమతి మాత్రమేనని కొనేముందే స్పష్టంగా చెప్పాలని చట్టం తెచ్చారు. ఇన్నేళ్లూ ఆ మాట చెప్పకుండానే అమ్మారు కదా!

అసలు నా కడుపుమంట ఇంకోటుంది. ‘ఇంకా ఈ డీవీడీలెందుకు, అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటాయి కదా’ అని అందరూ అంటుంటే నమ్మి, అలమారా నిండా ఉన్నవాటిని పంచిపెట్టేశాను. డబ్బా తెరిస్తే టక్కుమనే చప్పుడు, లోపల మడతపెట్టిన కాగితం, డిస్కును చొక్కా అంచుతో తుడుచుకోవడం, అన్నీ పోయాయి. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు పలకరు.

ఈ పొద్దున అటక వెతికితే ఒక్కటి మిగిలి ఉంది. నిండా గీతలే. పాత కంప్యూటర్‌లో పెడితే రెండో పాట దగ్గర ఇరుక్కుంది, మళ్లీ కదిలింది, చివరిదాకా ఆడింది.