వెనిస్‌కి 10కి వెళ్ళి 4కి వచ్చేయమనే ఆ ఫార్వర్డ్ గురించి

మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఖరికి మా పెద్దమ్మ గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్యలో కూడా వచ్చేసింది, ఈ నెలలో ఇది ఐదోసారి. "ఒక్క రాత్రిలో వెనిస్, ఎక్స్‌పర్ట్ సీక్రెట్స్" అట. విషయం ఏంటంటే, వెనిస్ పక్కనే నేల మీదున్న మెస్త్రేలో హోటల్ తీసుకోండి, పొద్దున 10కి వెనిస్‌లో దిగండి, 4 కల్లా మూడు దీవులతో సహా చుట్టేసి వచ్చి పడుకోండి, రాత్రి అక్కడ షాపులు మూసేస్తారు, చూడ్డానికేం ఉండదు. దాని కింద ఇంకో ఎనిమిది పాయింట్లు, ఒక్కోదానికి ఒక్కో పడవ బొమ్మ.

నేను జర్మనీలో ఉంటా. ఇండియా నుంచి ఎవరొచ్చినా "ఎలాగూ నువ్వు అక్కడే కదా" అని వెనిస్ నా నెత్తినే పడుద్ది. నాలుగుసార్లు వెళ్ళా, నాలుగూ ఒక్క రాత్రి ట్రిప్పులే. అందుకే ఈ మెసేజ్ చూస్తే బీపీ.

గొండోలా మనిషికి 90 యూరోలు కాబట్టి వద్దంట. మనిషికి కాదయ్యా, పడవకి! అరగంటకి 90, ఐదుగురు ఎక్కొచ్చు, తలా 18 పడుద్ది. రాత్రి 7 దాటితే 110. మీరు అయిదుగురు ఫ్రెండ్స్ వెళ్ళి ఈ మెసేజ్ నమ్మి ఎక్కకుండా వచ్చారంటే దానికి నేను బాధ్యుణ్ణి కాదు. మరీ పిసినారితనం అనుకుంటే ఊరి మధ్యలో పారే పెద్ద కాలువ, గ్రాండ్ కెనాల్‌ని అడ్డంగా దాటించే పడవ ఉంది, త్రాగెత్తో అంటారు, రెండు యూరోలిస్తే రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు.

రెండు తారీకులు కలుస్తాయి కాబట్టి వాపొరెత్తో, అంటే అక్కడి సిటీ బస్సులాంటి పడవ, దాని పాస్ రెండు కొనాలంట. తారీకుతో సంబంధం లేదు, మొదటిసారి మెషీన్‌కి తాకించిన దగ్గర్నుంచి 24 గంటలు. శనివారం సాయంత్రం 5కి తాకిస్తే ఆదివారం సాయంత్రం 5 దాకా నడుస్తుంది. ఒక్క రాత్రి ఉండేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పాస్ 25 యూరోలు, విడిగా ఒక్క టికెట్టే 9.50, లెక్క మీరే వేసుకోండి.

వెనిస్ మునిగిపోతోంది త్వరపడండి అన్నది వదిలేస్తున్నా, 2020 అక్టోబర్ నుంచి సముద్రం బాగా పోటెత్తినప్పుడల్లా నీళ్ళు ఊళ్ళోకి రాకుండా అడ్డంగా గేట్లు లేపుతున్నారు. ఊళ్ళో ముఖ్యమైన చౌరస్తా శాన్ మార్కోలో వెయ్యేళ్ళ నాటి టవర్ అట, అది 1902లో కుప్పకూలింది, ఇప్పుడున్నది 1912లో మళ్ళీ కట్టింది. పావురాలకి గింజలు వేసి ఫొటో దిగమన్నాడు, 2008 నుంచే బ్యాన్. మెట్ల మీద కూర్చుని తెచ్చుకున్న టిఫిన్ తినండి అన్న మహానుభావుడికి ఒక్క మాట: 2019లో ఇద్దరు జర్మన్లు రియాల్టో వంతెన మెట్ల మీద స్టవ్ పెట్టి కాఫీ కాచుకున్నందుకు 950 యూరోలు ఫైన్ కట్టారు. కాఫీకే అంత అయితే పులిహోర డబ్బాకి ఎంతో.

అసలు ఒళ్ళు మండేది ఆరో పాయింటు. "మురానో దీవికి ఫ్రీ పడవ ఉంటుంది, హోటల్ వాళ్ళని అడగండి, గాజు తయారీ చూసి మూడు దీవులు కవర్ చేయండి." ఫ్రీ అంటే మనం ఎలా పరిగెత్తుతామో తెలిసి రాసినట్టుంది. పోయినేడాది మా పిన్నీ బాబాయ్‌తో నేనూ ఎక్కా, దాచేదేముంది. దిగగానే ఒకాయన కొలిమి ముందు కూర్చుని, నిప్పులాంటి గాజు ముద్దని పట్టకారుతో నాలుగు లాగులు లాగి గుర్రం చేసేశాడు, రెండు నిమిషాలు పట్టిందేమో. చప్పట్లు కొట్టాం. తర్వాత ఇంకో తలుపు, ఆ తలుపు వెనక మెట్లు, పైన షోరూము. సూటు వేసుకున్నాయన మా పిన్ని పక్కనే నడుస్తూ ఒక్కో వస్తువుకి ధర చెప్పి, వెంటనే సగానికి తగ్గించి, "మీకు మాత్రమే" అంటున్నాడు. లాడ్ బజార్‌లో గాజుల వాళ్ళని ఏడిపించిన మనిషి మా పిన్ని, ఆవిడే అక్కడ మెత్తబడిపోయి 140 యూరోలు పెట్టి నీలం వేజ్ కొంది. ఇక వెళ్దాం అంటే తిరుగు పడవ లేదట, ఫ్రీ రావడానికేనట, పోవడానికి స్టేజీ అటు అని చెయ్యి చూపించాడు!

మురానో గాజు గొప్పది కాదని కాదు. మంటల భయంతో 1291లో కొలిముల్ని ఊళ్ళోంచి ఆ దీవికి పంపించేశారు, అప్పట్నుంచీ అదే పని చేస్తున్నారు. కొనాలనుంటే మామూలు వాపొరెత్తోలో వెళ్ళి, నాలుగు షాపులు తిరిగి, అసలైన సరుకని చెప్పే 'వెత్రో ఆర్తిస్తికో మురానో' అన్న ముద్ర చూసి కొనుక్కోండి.

ఇక మూడు దీవులు. శాన్ మార్కో నుంచి పడవ రేవుకి నడకే పావుగంట పైన, అక్కణ్ణుంచి ఆ మూడింట్లో ఒకటైన బురానోకే ముప్పావుగంట, తిరిగి రావడానికి ఇంకో ముప్పావుగంట, మధ్యలో పడవ కోసం క్యూ, ఇవన్నీ ఆరు గంటల్లో. మరి శాన్ మార్కో చర్చి ఎప్పుడు, పాతకాలపు పాలకులుండే డోజె ప్యాలెస్ ఎప్పుడు, అన్నం ఎప్పుడు, బాత్రూమ్ ఎప్పుడు? ఎక్స్‌పర్ట్ గారు ఎగిరెళ్ళారేమో.

పైగా ఆ 10 నుంచి 4 అన్న టైమే తలకిందులు. 2024లో ఎంట్రీ ఫీజు మొదలెట్టారు కదా, రద్దీ ఉండే కొన్ని రోజులకే అది, ఆ రోజుల్లో కూడా పొద్దున 8.30 నుంచి సాయంత్రం 4 దాకానే. అంటే ఈ టైముకి రాకండి బాబూ అని ఊరే ఫీజు పెట్టి మరీ చెప్తుంటే, వీళ్ళు సరిగ్గా ఆ టైముకే పంపుతున్నారు. రాత్రి ఉండేవాళ్ళు ఆ ఫీజు కట్టక్కర్లేదు, మెస్త్రే కూడా వెనిస్ మున్సిపాలిటీలోదే కాబట్టి అక్కడున్నా అంతే. కాకపోతే మినహాయింపు క్యూఆర్ కోడ్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఈ ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు.

సాయంత్రం ఒకటో నంబర్ వాపొరెత్తో ఎక్కి గ్రాండ్ కెనాల్ మొత్తం చూడండి. రాత్రి దారి తప్పండి, ఎటు తప్పినా నీళ్ళే అడ్డొస్తాయి. పొద్దున ఆరింటికి శాన్ మార్కోకి వెళ్తే చీపుళ్ళ వాళ్ళు, మీరు, అంతే. సందుల్లో సరుకుల బండ్లు తోసుకెళ్తుంటారు, వంతెన మెట్లెక్కడానికి వాటికి ముందు చిన్న చక్రాలు ఇంకో జత ఉంటాయి. హోటళ్ళ దుప్పట్ల మూటలు పడవల్లో పోతుంటాయి. 10కి దిగేవాడికి ఇవేం కనపడవు, ముందువాడి బ్యాక్‌ప్యాక్ కనపడుద్ది.

షాపులు మూసేస్తారన్నది మాత్రం నిజమే, పదిన్నరకి వెళ్తే మాకు పిజ్జా ముక్క కూడా దొరకలేదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, మెస్త్రే సలహా పూర్తిగా చెత్త కాదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు గొప్పకి పోయి ఊళ్ళోనే రూమ్ తీశా. నాలుగు 23 కేజీల సూట్‌కేసులు, ప్రతి వంతెనకీ మెట్లు. మూడో వంతెన దగ్గర నాన్న పెట్టె మీదే కూర్చుండిపోయి "ఇదేం ఊర్రా, ఆటో కూడా లేదు" అన్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, పెద్ద లగేజీ ఉన్నవాళ్ళు మెస్త్రేలోనే ఉండండి, రైల్లో పది పన్నెండు నిమిషాలు. కానీ వెళ్ళేది 4కి, వచ్చేది రాత్రి 11కి, పొద్దున్నే మళ్ళీ వెళ్ళండి.

ఇదంతా మా పెద్దమ్మకి వాయిస్ మెసేజ్‌లో వివరంగా చెప్పా, ఆరు నిమిషాలు వచ్చింది. "సరేలే గానీ, ఆ గాజు గుర్రం ఎంత చెప్పారు?" అని రిప్లై పెట్టింది.