‘నేనింతే’ గారికి

మహారాజశ్రీ ‘నేనింతే’ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. మీరు మాత్రం నా లోపల దివ్యంగా ఉన్నారని ఇవాళ మధ్యాహ్నం తెలిసింది.

రెండు గంటలు క్యూలో నిలబడ్డాను. చెవికి ఫోన్ ఆనించుకుని, ఎవరినో వెతుకుతున్నట్టు దిక్కులు చూస్తూ ఒకాయన వచ్చాడు. వచ్చి సరిగ్గా నా ముందే దూరాడు. ‘ఏమండీ’ అనే మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడు తమరు భుజం తట్టారు. “పోనీలెద్దూ, మనం గొడవలకి పోయే రకం కాదు.” ఆ ధైర్యంతో ఆయన బావమరిది కూడా దూరాడు. ఆయన పనైంది, బావమరిది పనీ అయింది. నా వంతు వచ్చేసరికి కిటికీ మూసి, “రేపు రండి” అన్నారు.

దానికి నేనేమన్నానో తెలుసా? “థ్యాంక్యూ సార్” అన్నాను.

ఈసారి నన్ను మాట్లాడనిస్తానని పోయినసారి మాటిచ్చారు కదండీ?

మీ పనితనం మెచ్చుకోవాల్సిందే. డారిల్ బెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో ఒక సంగతి రాశాడు. మన మనసులో ఏముందో మనకే సరిగ్గా తెలియనప్పుడు, ఎదుటివాణ్ణి అంచనా వేసినట్టే, మనం చేసిన పనులు చూసి మనల్ని అంచనా వేసుకుంటామట. మీ కిటుకు అక్కడే దొరికింది. మెతకవాడివి, నోరు మూసుకో అంటారు. మూసుకుంటాను. సాయంత్రం ఇంటికొచ్చాక, “చూశావా, నోరు మూసుకున్నావు, మెతకవాడివే” అని నా ఫైల్లో ఇంకో కాగితం చేరుస్తారు. కేసు పెట్టిందీ మీరే, సాక్ష్యం పుట్టించిందీ మీరే, తీర్పూ మీదే. ఆ ఫైలు ఎంత లావైందంటే ఇప్పుడు నేనే దాన్ని చూసి హడలిపోతున్నాను.

మరి మిగతా కాగితాలేవీ? కస్టమర్ కేర్ వాళ్ళ మీద నలభై నిమిషాలు అరిచింది నేను కాదా? రిమోట్ కనబడకపోతే ఇల్లు పీకి పందిరి వేసేది నేను కాదా? ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు కదా. పిల్లివన్నీ వరసగా పేర్చావు, పులి కాగితాలు ఎక్కడ దాచావురా? అవును, ‘రా’ అనే అన్నాను. రెండు గంటలు నిలబడిన కాళ్ళు అనిపిస్తున్నాయి.

నీకు వత్తాసుగా ఆ పర్సనాలిటీ టెస్టులొకటి. ‘పైకి నిబ్బరంగా ఉంటారు, లోపల మథనపడతారు’ అని వస్తే అచ్చం నేనే అని మురిసిపోయి నలుగురికీ పంపాను. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ 39 మంది విద్యార్థులకి ఇలాగే టెస్టు పెట్టి, ఎవరి ఫలితం వాళ్ళదే అని నమ్మించి, అందరికీ ఒకే రాత పంచాడు. బాగా కుదిరిందంటూ వాళ్ళు 5కి సగటున 4.26 మార్కులు వేశారు. ఆ రాతలో చాలా భాగం ఒక జ్యోతిషం పుస్తకంలోది! నా మురిపెం విలువ అంత.

నీ వల్ల బాగుపడలేదని అనను. ఫోన్ ఎత్తకపోయినా, ఆలస్యంగా వెళ్ళినా, ‘నేనింతే’ అని నీ పేరు చెప్పుకునే తప్పించుకున్నాను. ‘పాపం, ఎంత మంచివాడో’ అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్ళు పొంగుతుంది. ఆ మాట కోసమే నిన్నిన్నాళ్ళు మేపాను కాబోలు.

రేపు పొద్దున్నే మళ్ళీ అదే క్యూ. నువ్వు రాకు. రాకుండా ఉండలేకపోతే, నా వెనకాల నిలబడు. మధ్యలో దూరావో, ఈసారి మొదటి ‘ఏమండీ’ నీకే.

ఇట్లు,
ఇవాళ ‘థ్యాంక్యూ సార్’ అన్నవాడు