ఫ్రీడా బ్యాగు సరే, అవురోరా గోడ సంగతేంటి?

మొన్న కూరగాయలకి వెళ్తుంటే మా పక్కింటావిడ నా భుజానికున్న గుడ్డ సంచి చూసి, "ఈవిడెవరండీ, కనుబొమలు రెండూ కలిసిపోయి ఉన్నాయి?" అని అడిగింది. ఫ్రీడా కాలో అండీ, మెక్సికో ఆర్టిస్టు అని చెప్పా. "ఓహో, ఆ దేశంలో ఆడవాళ్లలో ఈవిడొక్కతే బొమ్మలేసేదా?" అంది. ఆవిడ మామూలుగానే అడిగింది పాపం. కానీ ఆ ప్రశ్న నాకు చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకంటే మనందరి బుర్రల్లో ఉన్నదీ అదే. మెక్సికో గోడ చిత్రాలంటే ముగ్గురు మగాళ్లు: రివేరా, ఒరోస్కో, సికెయిరోస్. ఆడవాళ్ల కోటాలో ఫ్రీడా. ఫైలు క్లోజ్. ఫ్రీడా మీద నాకేం కోపం లేదు, ఉంటే ఆ సంచి ఎందుకు కొంటాను? కానీ ఆమె పేరు తెచ్చుకున్నది చిన్న చిన్న కాన్వాసుల మీద. గోడలెక్కిన ఆడవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లలో మొదటి మెక్సికన్ మహిళ అని చెప్పుకునే అవురోరా రెయెస్ ఫ్రీడాకి స్కూల్ రోజుల నుంచీ స్నేహితురాలు. 1946లో అద్దం ముందున్న ఫ్రీడా బొమ్మ కూడా వేసింది. ఆ బొమ్మలో కూర్చున్న మనిషి పేరు ప్రపంచమంతా తెలుసు. వేసిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

అవురోరా 1908లో చివావా రాష్ట్రంలోని పర్రాల్ ఊళ్లో పుట్టింది. మామూలు ఇంటి పిల్లేమీ కాదు. తాత జనరల్ బెర్నార్దో రెయెస్, బాబాయి వరస అయ్యే అల్ఫోన్సో రెయెస్ పెద్ద రచయిత. అయితే 1913 ఫిబ్రవరిలో ప్రభుత్వాన్ని కూల్చబోయి తాత జాతీయ భవనం ముందే తూటాలకి పడిపోయాడు. దాంతో ఇల్లంతా చెల్లాచెదురు. నాలుగేళ్ల పిల్ల మెక్సికో సిటీలో లాగునీయా పేటకి వచ్చి పడింది. తల్లి రొట్టెలు కాల్చి ఇస్తే ఈ పిల్ల బజారులో అమ్మేది. జనరల్ గారి మనవరాలు రొట్టెల బుట్టతో! తర్వాత సాన్ కార్లోస్ ఆర్ట్ స్కూల్లో చదువు, 1927 నుంచి సర్కారు బళ్లలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం. ఆ ఉద్యోగమే ఆమె బతుకు, ఆమె బొమ్మలకి ముడిసరుకు కూడా అదే.

ఇక 1936. మెక్సికో సిటీలో బెలేన్ అని ఒక పాత జైలు ఉండేది. దాన్ని పడగొట్టి ఆ స్థలంలోనే పెద్ద బడి కట్టారు, పేరు సెంత్రో ఎస్కోలార్ రెవొల్యూసియోన్. జైలు తీసేసి బడి కట్టడం, అసలు ఆ ఒక్క పనికే దండం పెట్టాలి. ఆ బడి గోడలు కుర్ర ఆర్టిస్టులకి పంచారు, ఒక గోడ ఈమె చేతికొచ్చింది. బడి గోడ కదా, పువ్వులు, పావురాలు, పలకలు వేసి దులిపేసుకోవచ్చు. ఈమె ఏం వేసిందో చూడండి.

ఒక పల్లెటూరి టీచరమ్మ నేల మీద పడి ఉంది. ఒకడు జుట్టు పట్టుకుని ఈడుస్తున్నాడు, వాడి చేతిలో డబ్బు. ఇంకొకడు తుపాకి మడమతో సరిగ్గా ఆమె నోటి మీద పొడుస్తున్నాడు, వాడి మెడలో భక్తులు వేసుకునే మతచిహ్నం వేలాడుతోంది. వెనకాల స్తంభం చాటున ముగ్గురు పిల్లలు నక్కి చూస్తున్నారు. చిత్రం పేరుకి అర్థం 'పల్లె టీచరమ్మల మీద దాడి'.

అది ఊహించి వేసింది కాదు. 1934 చివర్లో అక్కడి ప్రభుత్వం రాజ్యాంగంలోని మూడో అధికరణం మార్చి, బడుల్లో సోషలిస్టు చదువు చెప్పాలంది. పల్లెల్లో టీచర్లు అక్షరాలతో ఆగలేదు. భూమి కోసం అర్జీ ఎలా పెట్టుకోవాలో కూడా రైతులకి చెప్పారు. భూస్వాములకి మండింది, చర్చి వైపు వాళ్లకీ మండింది. టీచర్ల చెవులు కోశారు, కొందరిని చంపేశారు. సకాతెకాస్ రాష్ట్రంలో ఉయిస్కోల్కో అనే పల్లెలో మరియా మురీయో అనే టీచర్ని 1935లో చంపేశారు. ఏడాది తిరక్కుండా అవురోరా గోడ ముందు నిలబడింది. ఇప్పుడు ఆ డబ్బునీ ఆ మతచిహ్నాన్నీ మళ్లీ చూడండి. ఎవరు డబ్బిచ్చి పంపారు, ఎవరు దీవించి పంపారు, ఒక్క అక్షరం రాయకుండా చెప్పేసింది. దెబ్బ నోటి మీదే ఎందుకో కూడా వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మ ముప్పై ఏళ్లు పల్లెటూరి బళ్లలో పంతులమ్మగా చేసింది. ఫోన్‌లో ఆ బొమ్మ చూపించా. కళ్లజోడు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "కొట్టేవాళ్ల సంగతి సరే, ఆ పిల్లలు మర్నాడు బడికొచ్చారా?" అంది. నేను ఆ డబ్బుల దగ్గరే ఆగిపోయా. అమ్మ కన్ను నేరుగా స్తంభం వెనక్కి పోయింది.

ఈ పనిలో ఎంత చాకిరీ ఉందో కూడా చెప్పాలి. ఫ్రెస్కో అంటే తడి సున్నపు గార మీద వేసే బొమ్మ. పొద్దున మేస్త్రీ ఆ రోజుకి ఎంత పని అవుతుందో అంత మేరే గార పూస్తాడు. రంగు పొడి నీళ్లలో కలిపి, గార ఆరేలోపు వేసేయాలి. ఆరాక సున్నం రాయిలా బిగిసి రంగుని తనలోనే పట్టేస్తుంది. తప్పు పోతే రబ్బరుతో తుడిచేది కాదు, ఆ ముక్క చెక్కేసి మళ్లీ గార పూయించుకోవాల్సిందే. పరంజా మీద నిలబడి, మెడ విరగ్గొట్టుకుని చేసే పని. "ఆడవాళ్లకి ఎందుకు అంత కష్టం" అని దయ చూపించేవాళ్లు ఇక్కడే దిగుతారు. ఆ దయ ఎలా ఉంటుందో మరియా ఇస్కియెర్దో అనే ఇంకో చిత్రకారిణిని అడగాలి.

మరియాది హలిస్కో రాష్ట్రం. 1929లో ఆర్ట్ స్కూల్ డైరెక్టర్‌గా ఉన్న రివేరా విద్యార్థుల ప్రదర్శనలో ఆమె బొమ్మల్ని మెచ్చుకుంటే, తోటి విద్యార్థులు కుళ్లుకుని ఆమె మీద బకెట్లతో నీళ్లు కుమ్మరించారు. 1930లో న్యూయార్క్‌లో సొంతంగా ప్రదర్శన పెట్టింది, అమెరికాలో అలా పెట్టిన మొదటి మెక్సికన్ మహిళ ఆమె. 1945లో మెక్సికో సిటీ ప్రభుత్వ భవనంలో మెట్ల దగ్గర గోడలకి కాంట్రాక్టు వచ్చింది, నూట యాభై చదరపు మీటర్ల పైమాటే. సంతకాలయ్యాయి, పనివాళ్లు కుదిరారు. అప్పుడు పెద్దలు రివేరా, సికెయిరోస్ అడ్డుపడ్డారు. ఈమెకి ఫ్రెస్కోలో అనుభవం లేదట! కాంట్రాక్టు పోయింది. కావాలంటే ఇంకేదైనా చిన్న బిల్డింగ్ చూసుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

ఇది మనకి బాగా తెలిసిన కథే కదా. ఎక్స్‌పీరియన్స్ ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఇస్తేనే ఎక్స్‌పీరియన్స్. తేడా ఏంటంటే, ఆ మాట అన్న ఇద్దరిలో ఒకాయన పదహారేళ్ల కింద ఆమెని అందరి ముందూ పొగిడిన మనిషి. బొమ్మ గదిలో గోడకి తగిలించుకునేంత ఉంటే పొగడ్త, గోడంత అయ్యేసరికి అభ్యంతరం. రివేరా గొప్ప చిత్రకారుడు, అందులో నాకు అనుమానమే లేదు. గొప్ప చిత్రకారుడే ఈ పని చేశాడన్నదే నా బాధ. 1946లో మరియా పంతం పట్టి 'విషాదం', 'సంగీతం' అని రెండు ఫ్రెస్కోలు వేసి చూపించింది, ఇదిగో నాకు వచ్చు అని. మెట్ల గోడ మాత్రం తిరిగి రాలేదు. 1948లో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోతే మళ్లీ కుంచె పట్టడం నేర్చుకుంది. 1955లో పోయింది.

అవురోరా లెక్క కూడా చూడండి. మొదటి గోడ 1936. తర్వాతి పెద్ద గోడలు 1960లో, టీచర్ల యూనియన్ ఆడిటోరియంలో. మధ్యలో ఇరవై నాలుగేళ్లు! అన్నేళ్లూ పిల్లలకి డ్రాయింగ్ చెప్పింది, కవిత్వం రాసింది, యూనియన్‌లో ఉద్యోగినుల పిల్లల కోసం శిశు సంరక్షణ కేంద్రాలు కావాలని పోట్లాడింది, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం తిరిగింది. చివరికి గోడలిచ్చింది కూడా టీచర్లే. 1978లో, డెబ్బై ఏళ్ల వయసులో, మెక్సికో సిటీలోని కొయోవకాన్ పురపాలక భవనంలో, దండెత్తి వచ్చిన స్పెయిన్ సేనాని కోర్తెస్, ఆజ్టెక్ చక్రవర్తి మొక్తెసూమా మొదటిసారి ఎదురుపడిన ఘట్టం వేసింది. 1985లో కన్నుమూసింది.

ఎందుకు మర్చిపోయారంటే నాకు తోచిన కారణం ఒకటే. గోడని అమ్మలేం. వేలం వేయలేం, పెట్టెలో పెట్టి ఇంకో దేశం పంపలేం. పైగా నోటి మీద దెబ్బ తింటున్న టీచరమ్మని కాఫీ కప్పు మీద ఎవరు వేయించుకుంటారు? ఫ్రీడా బాధైతే ఆమె ఒక్కదానిదీ అని అందంగా అచ్చేసుకోవచ్చు. అవురోరా వేసిన బాధలో నేరస్తులు కూడా ఉన్నారు, వాళ్ల చేతిలో డబ్బుతో సహా.

మెక్సికో సిటీలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ఎవరైనా ఈ పోస్టు చూస్తే ఒక చిన్న పని చేసిపెట్టండి. బాల్దెరాస్ మెట్రో స్టేషన్ దగ్గరే ఆ బడి. లోపలికి రానిస్తే ఆ స్తంభం వెనక ముగ్గురు పిల్లల ముఖాలు దగ్గరగా ఒక ఫొటో తీసి కామెంట్లో పెట్టండి. నాకు నెట్‌లో దొరికిన వాటిల్లో అంతా మసకమసక. అమ్మ రోజూ అడుగుతోంది.