ఈసారి ఎర్మూపొలి వెళ్లండి

మార్చి వచ్చిందంటే మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ఖాయం. "గ్రీస్ ఐటినరరీ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టగలరు." పది నిమిషాల్లో ఒక ఎక్సెల్ షీటు వచ్చి పడుతుంది. ఏథెన్స్ ఒక రోజు, మైకొనోస్ ఒక రోజు, శాంటోరిని రెండు రోజులు, మధ్యలో ఫెర్రీలు. ఏళ్ల తరబడి అదే షీటు చేతులు మారుతోంది. మేమూ ఒకప్పుడు దాన్నే పట్టుకుని వెళ్లొచ్చాం. ఇప్పుడు గుర్తున్నదల్లా రెండు: రేవుల్లో సూట్‌కేసుల పక్కన ఎండలో నిలబడ్డ గంటలు, సూర్యాస్తమయానికి ముందు శాంటోరినిలోని ఇయా ఊళ్లో తోపులాట. మా ఫోటోలో సూర్యుడు బాగానే పడ్డాడు. ఆయన కింద పధ్నాలుగు ఫోన్లు కూడా పడ్డాయి. లెక్కపెట్టాను.

శాంటోరిని అందాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. కానీ అక్కడి వాళ్లకే ఊపిరాడక 2025లో క్రూజ్ ఓడల్లో దిగేవాళ్లను రోజుకు 8,000 మందికి కట్టడి చేశారు. అదే ఏడాది జులై నుంచి సీజన్‌లో క్రూజ్ ప్రయాణికుడికి 20 యూరోల పన్ను కూడా వేశారు. అంత రద్దీలోకి మనం మళ్లీ షీటు పట్టుకుని ఎందుకు దూరాలి? నేను చెప్పేది ఒకటే. దీవి తర్వాత దీవి వద్దు. ఒక దీవి, ఒక ఊరు, నాలుగు రాత్రులు. ఆ ఊరు టూరిస్టులు రాకపోయినా పొద్దున్నే లేచి పనికి వెళ్లే ఊరు అయ్యుండాలి. పోయిన ఆగస్టులో మేం అలా వెళ్లింది సీరోస్ దీవిలోని ఎర్మూపొలికి. మేమిద్దరం, పన్నెండేళ్ల మా వాడు, బందరు నుంచి మూడు నెలల వీసా మీద వచ్చిన మా అమ్మ.

ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి మామూలు పెద్ద ఫెర్రీలో దాదాపు నాలుగు గంటలు. హైస్పీడ్ పడవలో త్వరగా చేరొచ్చు గానీ అమ్మకు వాంతుల భయం. పెద్ద ఓడే నయం, కుదుపు తక్కువ, డెక్ మీద తిరగొచ్చు. ఓడ రేవులోకి తిరగ్గానే ఎదురుగా రెండు కొండలు. ఎడమవైపు దాని మీద క్యాథలిక్కుల పాత ఊరు ఆనో సీరోస్, కుడివైపు దాని మీద ఆర్థడాక్స్ వాళ్ల గుమ్మటం గుడి. రెండిటి మధ్య నుంచి నీళ్ల దాకా దిగిన ఊరు ఎర్మూపొలి. గ్రీస్ పోస్టుకార్డుల మీద కనిపించే తెలుపూ నీలం ఎక్కడా లేవు. పసుపు, లేత గులాబీ, గోధుమ రంగు మేడలు. "ఇదేం గ్రీసు? ఇటలీలా ఉంది" అన్నాడు మా వాడు. కార్డు మీద బొమ్మ మోసం చేసిందన్నట్టు మొహం పెట్టాడు.

ఆ రంగుల వెనక ఒక కథ ఉంది. ఒట్టోమన్ టర్కుల మీద గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధంలో, 1822లో కియోస్ దీవిలో ఊచకోత జరిగింది. 1824లో ప్సరా దీవి నాశనమైంది. బతికి బయటపడ్డవాళ్లు పడవలెక్కి ఇక్కడికి వచ్చారు. సీరోస్ వాళ్లు క్యాథలిక్కులు, ఫ్రాన్స్ అండ ఉన్నవాళ్లు, కాబట్టి యుద్ధం ఈ దీవి జోలికి రాలేదు. కట్టుబట్టలతో వచ్చిన ఆ వ్యాపారులు, ఓడల వాళ్లు రేవు ఒడ్డున గుడిసెలేసుకుని, వ్యాపారానికి దేవుడైన హెర్మిస్ పేరు ఊరికి పెట్టుకున్నారు. కొన్ని దశాబ్దాల్లో అది కొత్త గ్రీసుకు పెద్ద రేవైంది. 1861లో నియోరియన్ అనే ఓడల కర్మాగారం, 1864లో అపోలో థియేటర్, 1876లో ఎర్న్‌స్ట్ జిల్లర్ గీసిన టౌన్ హాల్ పని మొదలు. తర్వాత పిరేయస్ ఎదిగింది, ఇక్కడి సరుకు అటు పోయింది.

1864 అనగానే అమ్మ ఆగిపోయింది. బందరు వాళ్లకు ఆ అంకె చెప్పాల్సిన పని లేదు. ఆ నవంబర్ 1 రాత్రి ఉప్పెన మా ఊరిని ముంచేసింది, 30,000 మంది దాకా పోయారు. రేవు మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. ఇక్కడ ఎర్రముఖమల్ కుర్చీల్లో ఇటాలియన్ సంగీతం వినడానికి థియేటర్ తెరిచిన సంవత్సరమే అది. అమ్మ ఆ బాల్కనీల వంక చాలాసేపు చూసింది. థియేటర్‌ని మిలన్‌లోని లా స్కాలా ఒపెరా హౌస్‌కి బుల్లి తమ్ముడంటారు. నిజంగానే బొమ్మరిల్లంత ఉంటుంది. టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి కూర్చోండి, తొందరేమీ లేదు.

చూడాల్సిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది టౌన్ హాల్ ముందున్న మియావూలి స్క్వేర్. నేలంతా పాలరాయి, కాళ్లు జారేంత నున్నగా. పగలు ఎండకు ఖాళీ. ఏడు దాటాక ఊరు ఊరంతా అక్కడే. పిల్లలు బంతి ఆడుతుంటారు, తల్లులు కాఫీ ముందు పెట్టుకుని గంటన్నర కూర్చుంటారు, తాతలు అటు నుంచి ఇటు పచార్లు. టౌన్ హాల్ మెట్లు ఎక్కుతున్న ఒకాయన చంకలో ఫైలు. ఆ రాజభవనం లాంటి మేడలో ఇప్పటికీ కాగితాల పనులే నడుస్తాయి. దక్షిణ ఏజియన్ ప్రాంతం మొత్తానికి ఎర్మూపొలే రాజధాని. కోర్టులున్నాయి, ఏజియన్ యూనివర్సిటీ విభాగం ఒకటుంది, రేవులో క్రేన్లు కదులుతూ ఉంటాయి. టూరిస్టు ఇక్కడ పెళ్లికొడుకు కాదు, బంధువుల్లో ఒకడు. వచ్చాడా, కూర్చోనీ.

ఈత విషయం. వపోరియా అనే పేటలో ఓడ యజమానుల మేడలు సరిగ్గా సముద్రం అంచు మీద ఉంటాయి. వాటి కింద ఆస్తేరియా అనే చోట ఇసుక లేదు, సిమెంటు గట్టు, నీళ్లలోకి దిగే ఇనప నిచ్చెన. ఉదయం ఎనిమిదికి వెళ్తే డెబ్భై దాటిన ముగ్గురు ఆడవాళ్లు టోపీలు పెట్టుకుని, మెడ దాకా నీళ్లలో నిలువుగా తేలుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఈదడం లేదు, ఊరి పంచాయితీ నడుపుతున్నారు. మేం వెళ్లినప్పుడు ఉన్నారు, మావాడు అలిసిపోయి గట్టెక్కినప్పుడూ ఉన్నారు. వాళ్లలో ఒకావిడ అమ్మను చూసి చెయ్యి ఊపి దిగమంది. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని పాదాలు తడుపుకుంది, అంతే. ఇసుక బీచ్ కావాలంటే రేవు దగ్గర బస్సెక్కండి, గలిస్సాస్, కీని, వారి ఊళ్లకు వెళ్తాయి. కారు అక్కర్లేదు.

ఆనో సీరోస్‌కి మాత్రం మోకాళ్ల గురించి ముందే ఆలోచించుకోండి. అంతా మెట్లే. మా పద్ధతి: పైకి టాక్సీ, కిందికి నడక. లోపలికి బండి రాదు, సందులు అంత ఇరుకు. ఇళ్ల కింద నుంచే దారి పోతుంది. కొండ కొసన సెయింట్ జార్జ్ క్యాథలిక్ గుడి. కొంచెం కిందికి దిగితే మార్కోస్ వంవకారిస్ మ్యూజియం, చిన్నది. బుజుకి అనే తీగ వాయిద్యంతో రెబేతికో అనే గ్రీకు పట్టణాల జానపద సంగీతానికి పేరు తెచ్చినాయన 1905లో ఈ మెట్ల మధ్యే పుట్టాడు. కుర్రాడిగా పిరేయస్ పోయి రేవులో బొగ్గు మోశాడు. ఆయన పాటల్లో గ్రీకులందరికీ నోటికొచ్చేది "ఫ్రాంగోసిరియానీ". ఆ మాట విడదీస్తే మనకు దగ్గరి చుట్టం బయటపడుతుంది. క్యాథలిక్కుల్ని గ్రీకులు "ఫ్రాంగో" అంటారు, ఫ్రాంకులు అని. మన "పరంగి", "ఫిరంగి" ఆ వేరు నుంచి వచ్చినవే. అంటే పాట పేరు "సీరోస్ పరంగి పిల్ల". ఇది చెప్పాక అమ్మ ఆ పాటను రెండుసార్లు పెట్టించుకుంది.

పరంగి కొండకీ ఆర్థడాక్స్ కొండకీ ఒకప్పుడు పడేది కాదట. ఇప్పుడు మాత్రం రెండు వర్గాలూ ఈస్టర్ ఒకే తేదీన చేసుకుంటాయి. క్యాథలిక్కులు ఆర్థడాక్స్ లెక్కకు సర్దుకున్నారు. గుడ్ ఫ్రైడే రాత్రి ఆర్థడాక్స్ గుళ్ల ఊరేగింపులు మియావూలి స్క్వేర్‌లో కలుస్తాయి. ఒకే నగరంలో రెండు సంఘాలు రెండు శనివారాలు ఉగాది చేసే మనవాళ్లం దీని మీద వ్యాఖ్యానించకపోవడం మంచిది.

రేవుకు దగ్గర్లో కీమిసి గుడి తప్పకుండా చూడండి. గుమ్మం దాటగానే ఎల్ గ్రెకో వేసిన బొమ్మ, మేరీమాత దేహం చాలించిన ఘట్టం. స్పెయిన్‌లో ప్రపంచ ప్రసిద్ధుడు కాకముందు, సొంత దీవి క్రీట్‌లో ఉన్నప్పుడు వేసింది. దాని మీద ఆయన సంతకాన్ని 1983 దాకా ఎవరూ గుర్తించలేదు! టికెట్ లేదు, క్యూ లేదు. మేం ఉన్నంతసేపూ ఒక ముసలావిడ కొవ్వొత్తి వెలిగించుకుని వెళ్లింది, అంతే. మా వాడికి ఇవేవీ పట్టలేదు. వాడి ఓటు పారిశ్రామిక మ్యూజియానికి. అక్కడ ఎన్‌ఫీల్డ్ 8000 అనే కారుంది. ఎన్‌ఫీల్డ్ అంటే మనకు బుల్లెట్ గుర్తొస్తుంది గానీ ఇది 1970లలో ఇదే దీవిలో తయారైన బుల్లి ఎలక్ట్రిక్ కారు. "అప్పుడే ఉంటే మరి నాన్న డీజిల్ కారు ఎందుకు కొన్నాడు?" అని వాడి ప్రశ్న.

ఇక తిండి. మనలో సగం మంది ప్రయాణాలు ఇక్కడే దెబ్బతింటాయి, రైస్ కుక్కర్ మోసేదీ అందుకే. శాకాహారులు గుర్తుపెట్టుకోవాల్సిన మాట "నిస్తీసిమో", ఉపవాసానికి పనికొచ్చే తిండి అని. ఆర్థడాక్స్ వాళ్లు ఏడాదిలో చాలా రోజులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు, కాబట్టి ఆ వంటలు ఏ హోటల్లోనైనా ఉంటాయి. ఒక్క జాగ్రత్త: వాళ్ల ఉపవాసానికి రొయ్యలూ ఆక్టోపస్సూ అడ్డు రావు. అది వేరే అడగండి. బియ్యం కూరిన టమాటాలు, ఆకుకూర ఉడకబెట్టి నిమ్మకాయ పిండిన హోర్తా, పెద్ద చిక్కుడు గింజల కూర, అన్నిటికన్నా ముందు ఫావా. ఫావా అంటే పచ్చబఠాణీ కాదు, పసుపు బఠాణీ పప్పు మెత్తగా ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయ, ఆలివ్ నూనె. అమ్మ స్పూనుతో తీసుకుని నోట్లో పెట్టుకుని, ఓ క్షణం ఆగి, "ముద్దపప్పే. తాలింపు పెట్టడం మర్చిపోయారు" అంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాగాయ సీసా బయటికి వచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆవిడకు మెనూ చూపించే పని పడలేదు. చీజ్ ఇష్టమైతే సాన్ మిహాలి అడగండి, ఈ దీవిదే, గట్టిగా, కాస్త ఘాటుగా ఉంటుంది.

ఒక రోజు తినోస్ వెళ్లొచ్చాం, ఫెర్రీలో అరగంట పైచిలుకు. అక్కడ మేరీమాత గుడికి రేవు దగ్గర నుంచే భక్తులు మోకాళ్ల మీద పాకుతూ వెళ్తారు. వాళ్ల కోసం రోడ్డు పక్కన కార్పెట్ పరిచి ఉంటుంది. ఆగస్టు 15 పండగకు ఇసకేస్తే రాలదు. మేం ఆ తేదీ తప్పించుకుని వెళ్లాం. తిరుమల మోకాళ్ల పర్వతం ఎక్కిన అమ్మ ఆ కార్పెట్ వంక చూసి, "వీళ్లకు సౌకర్యం చేశారు" అని ఊరుకుంది.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పాలి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరపు గాలి వీస్తుంది, మెల్తెమి అంటారు. గాలి ముదిరితే రేవు అధికారులు ఓడల్ని కదలనివ్వరు. మా విమానం సాయంత్రం, ఫెర్రీ పొద్దున. రేవుకు వెళ్తే ఓడ లేదు. టికెట్ కౌంటర్లో అమ్మాయి గాలి వైపు చెయ్యి చూపించి భుజాలెగరేసింది. ఫెర్రీ డబ్బులు వచ్చాయి, విమానం డబ్బులు రాలేదు. నలుగురికి కొత్త టికెట్లు, మా ఆయన మొహం సంగతి అడక్కండి. కాబట్టి తిరుగు ప్రయాణంలో చివరి రాత్రి ఏథెన్స్‌లోనే పడుకునేలా పెట్టుకోండి. బళ్లకు సెలవులతో పని లేనివాళ్లు మే నెలలోనో సెప్టెంబర్‌లోనో వెళ్లండి.

ఆ అదనపు రోజు గాలికి ఎక్కడికీ వెళ్లలేక స్క్వేర్‌లో ఒక మూల కూర్చున్నాం. అమ్మ పక్కబల్ల ఆవిడతో ఏ భాషా లేకుండా మనవళ్ల ఫోటోలు మార్చుకుంది. సాయంత్రం లుకూమి కొనడానికి రేవు వీధికి వెళ్లాం. కియోస్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన విద్య అది. చక్కెర పాకం, గంజి కలిపి ఉడికించి ముక్కలు కోసి పంచదార పొడిలో దొర్లిస్తారు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు లేకుండా ఎవరూ ఎలా తిరిగిరారో, సీరోస్ నుంచి లుకూమి లేకుండా అలాగే. నాలుగు పెట్టెలు కొన్నాం. రెండు సంఘం పిక్నిక్‌లో పెడితే జెల్లీ అనుకుని పిల్లలు పది నిమిషాల్లో ఖాళీ చేశారు. ఒకటి అమ్మ బందరు పట్టుకెళ్లింది. నాలుగోది మా ఫ్రిజ్ మీద ఉంది. ఎర్మూపొలి వెళ్లాలనుకునేవాళ్లు ఇంటికొస్తే రుచి చూపిస్తాను. గులాబీవి అయిపోయాయి, మస్తిక్ అనే చెట్టు జిగురు వాసనవే మిగిలాయి.