రాత్రి పర్మనెంట్, పగలు ప్రొబేషన్

ఆసుపత్రి యాజమాన్యాలను తిట్టడం అందరికీ అలవాటైపోయింది గానీ, నమ్మకం గురించి వాళ్లు కనిపెట్టిన ఒక గొప్ప సంగతిని ఏ శాస్త్రవేత్తా పట్టించుకోకపోవడం అన్యాయం. మనిషి మీద నమ్మకం గడియారాన్ని బట్టి మారుతుందట. చీకటి పడేకొద్దీ పెరుగుతుంది, తెల్లారేసరికి దిగిపోతుంది. అనుమానం ఉంటే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఏ నర్సునైనా అడగండి. రాత్రి రెండింటికి వార్డంతా ఆమె చేతిలోనే ఉంటుంది. మందుల అల్మారా తాళాలు ఆమె దగ్గరే, ఎమర్జెన్సీ ట్రాలీ బాధ్యత ఆమెదే, ఎవరికైనా ఊపిరి ఆడకపోతే మొదట పరిగెత్తాల్సింది ఆమే. అదే అమ్మాయి పొద్దున్న పదింటికి ఆఫీసుకు వెళ్లి ఒక్కరోజు సెలవు కావాలంటే, "ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నావు కదమ్మా, అప్పుడే సెలవులేంటి?" అంటారు. ఎనిమిది గంటల్లో నమ్మకం ఇంతగా ఎలా పడిపోయిందని అడక్కండి, అది పరిపాలనా రహస్యం.

ఈ విధానంలో ఒక అందమైన క్రమశిక్షణ ఉంది, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. ప్రొబేషన్ పనికి వర్తించదు, ప్రయోజనాలకు మాత్రమే వర్తిస్తుంది. కొత్త నర్సు కదా అని సగం మంది పేషెంట్లనే ఇవ్వరు, నైట్ డ్యూటీలు తగ్గించరు, కేస్ షీట్‌లో సంతకం పెన్సిల్‌తో పెట్టమనరు. జీతం పూర్తిగా ఇవ్వాలన్నప్పుడు, సెలవు ఇవ్వాలన్నప్పుడు, తీసేయాలనుకున్నప్పుడు మాత్రం ఆమె కొత్తదన్న విషయం అందరికీ ఒక్కసారిగా గుర్తొస్తుంది. మామూలుగా మూడు నెలలో ఆర్నెల్లో అని రాస్తారు. ఆ తర్వాత ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. పొడిగింపు ఎందుకని అడగడం మర్యాద కాదు. అడిగితే ఆ అడగడమే కారణమవుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో తెచ్చిన 158వ ఒడంబడికలో, సరైన కారణం లేకుండా ఎవరినీ ఉద్యోగంలోంచి తీయకూడదని ఉంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు దీన్నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు దేశాలకు ఇస్తూనే, ఆ కాలం ఎంతో ముందుగానే తేల్చి చెప్పాలని, అది సహేతుకంగా ఉండాలని కూడా అందులోనే రాశారు. పాపం, రాసినవాళ్లకు హెచ్‌ఆర్ విభాగం సంగతి తెలియనట్టుంది. ఐరోపా సమాఖ్య మరీ మొండిది, 2019లో ఏకంగా ఒక ఆదేశం తెచ్చి, ప్రత్యేక సందర్భాల్లో తప్ప ప్రొబేషన్ ఆర్నెల్లు దాటకూడదంది. ఇలా గీతలు గీసుకుంటూ పోతే మనిషిని జీవితాంతం పరీక్షించే అవకాశం ఎవరికి దొరుకుతుంది?

ఇంతకీ ఈ పరీక్షలో ఏం పరీక్షిస్తారో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. నైట్ డ్యూటీ, ఒక పెద్దాయనకు వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించమని రాశారు. సెలైన్‌ను తనంతట తానే లెక్క ప్రకారం ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులన్నీ ఐసీయూలో ఉన్నాయి, చేత్తోనే సెట్ చేయాలి. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు పడే డ్రిప్ సెట్ అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు రావాలి. అంటే ఆమె వాచీ చూస్తూ, డ్రిప్ చాంబర్‌లో చుక్కలు లెక్కపెడుతూ, చుక్కల వేగం మార్చే రోలర్‌ను గోరంత పైకి, గోరంత కిందికి జరుపుతూ నిలబడాలి. నలభై వరకూ లెక్కపెట్టేసరికి పక్క బెడ్ పేషెంట్ వాంతి చేసుకుంటాడు. వెళ్లి చూసి వచ్చేసరికి పెద్దాయన మోచెయ్యి ముడిచి పడుకుని ఉంటాడు, చుక్కలు ఆగిపోయి ఉంటాయి. చెయ్యి చాపించి మళ్లీ మొదటినుంచి లెక్క. ఈలోగా నరంలో ఉంచిన సన్నటి గొట్టం, అంటే కేనులా దగ్గర వాపు కనిపిస్తే ఇంకో చోట సూది పెట్టాలి. సన్నటి నరాలు కాబట్టి నీలం రంగు ఇరవై రెండో నంబరు కేనులా కావాలి, ట్రేలో చూస్తే అన్నీ ఆకుపచ్చవి, అంటే ఇంకా లావుపాటి పద్దెనిమిదో నంబరువే ఉంటాయి. ఫోన్ చేస్తే స్టోర్స్‌లో ఎవరూ ఎత్తరు. పక్క వార్డుకు పరిగెత్తి అప్పు తెచ్చుకోవాలి. ఇన్ని చేశాక తెల్లవారుజామున పేషెంట్ ఒంట్లోకి ఎంత వెళ్లింది, ఎంత బయటికొచ్చింది అని ఆమె రాసిన ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులో ఒక గడి ఖాళీగా ఉంటే, ప్రొబేషన్ ఫైల్లోకి ఎక్కేది ఆ ఖాళీ గడే. పూర్తిగా ఎక్కిన సీసా గురించి ఏ ఫైల్లోనూ కాలమ్ లేదు.

నిజానికి కొత్త నర్సుల మీద కన్నేసి ఉంచడం ఇవాళ పుట్టిన బుద్ధి కాదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరుతో శిక్షణ పాఠశాల మొదలైనప్పుడు అక్కడ చేరినవాళ్లను ప్రొబేషనర్లనే పిలిచారు. ఏడాదిపాటు శిక్షణ. సమయపాలన, నెమ్మదితనం, నమ్మదగిన స్వభావం, శుభ్రత లాంటివాటి మీద నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ నెలనెలా వాళ్ల నడవడిక రాసి పెట్టేవారు. వాళ్లచేత వార్డు పని కూడా గట్టిగానే చేయించారని, నేర్పడం మాత్రం అంతంతమాత్రమేనని తర్వాత చరిత్రకారులు రాశారు. మన ఆసుపత్రులు ఈ సంప్రదాయంలో మంచిని తీసుకుని చెడును వదిలేశాయనే చెప్పాలి. పని చేయించడాన్ని తీసుకున్నాయి, ఏడాది శిక్షణను వదిలేశాయి. నెమ్మదితనం అనే కాలమ్‌ను మాత్రం వందేళ్లకు పైగా దుమ్ము పడకుండా కాపాడుకుంటూ వస్తున్నాయి. ఇప్పుడు దాని పేరు ఆటిట్యూడ్.

ఆటిట్యూడ్ అంటే ఏమిటో ఎవరూ వివరించరు, కానీ లేనివాళ్లను ఇట్టే గుర్తుపడతారు. డబుల్ డ్యూటీ వేస్తే నవ్వుతూ చేసినవాళ్లది మంచి ఆటిట్యూడ్. రోస్టర్ ఎందుకు మారిందని అడిగినవాళ్లది బాగోదు. గ్లోవ్స్ అయిపోయాయని రెండుసార్లు చెప్పినవాళ్లు నెగటివ్ మనుషులు. మూడోసారి చెబితే టీమ్ స్పిరిట్ లేదని రాస్తారు. డాక్టరు గారి చేతిరాత అర్థంకాక డోస్ ఎంతని ఫోన్ చేసి అడిగిన పిల్లకు "ఇంత చిన్న విషయం కూడా తెలీదా" అని అక్షింతలు పడతాయి. తర్వాతి రాత్రి ఇంకో డోస్ దగ్గర అనుమానం వస్తుంది. ఫోన్ వైపు చూస్తుంది, ఫైల్లో పడబోయే మాట గుర్తొస్తుంది, పక్క వార్డు సిస్టర్‌ను గుసగుసగా అడుగుతుంది. ఆ సిస్టర్ కూడా ప్రొబేషన్‌లోనే ఉంటుంది. ఇద్దరూ కలిసి ఒక నిర్ణయానికి వస్తారు. రోగి భద్రత అంటే ఇదే అయ్యుంటుంది.

నర్సింగ్ పాఠాల్లో చెప్పేది వేరు. సరైన పేషెంటు, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన సమయం అని ఐదూ చూసుకోవాలి, అనుమానం వస్తే ఆగి అడగాలి, ఇన్సులిన్, హెపారిన్ లాంటి మందులైతే ఇంకో నర్సు కూడా సరిచూడాలి, పొరపాటు జరగబోయి తప్పిపోయినా రిపోర్టు రాయాలి, ఎందుకంటే అలా రాస్తేనే రేపు ఇంకొకరి చేతిలో అది జరగకుండా ఉంటుంది. చాలా గొప్ప పాఠాలు. కాకపోతే ఆ రిపోర్టు రాసే మనిషిని వచ్చే నెల ఉంచాలా పంపాలా అని తేల్చేది కూడా ఆ రిపోర్టు చదివే మనిషే. అందుకే కొత్త నర్సుల వార్డుల్లో పొరపాట్లు ఒక్కటీ నమోదు కావు. మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో ఆ సున్నాను చూసి చప్పట్లు కొడతారు.

ఇక ఆర్నెల్లలో మనిషి సత్తా ఏంటో తేలిపోతుందన్న నమ్మకం గురించి. ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సింగ్ ప్రొఫెసర్ 1980లలో నర్సుల నైపుణ్యం ఐదు మెట్లుగా పెరుగుతుందని చెప్పారు. అందులో మూడోది, అంటే తన పనిని తానే పద్ధతిగా చక్కబెట్టుకోగల మెట్టుకు చేరేసరికి ఒకేలాంటి వార్డులో రెండు మూడేళ్లు పడుతుందన్నారు. మన లెక్కలో ఆర్నెల్లే ఎక్కువ, అది కూడా ఒకే వార్డులో కాదు. సోమవారం సర్జికల్, బుధవారం డయాలసిస్‌లో ఎవరో రాలేదని అక్కడ, శుక్రవారం పిల్లల వార్డు. ప్రతి చోటా కొత్తే కాబట్టి ప్రతి చోటా తడబడుతుంది, ఆ తడబాటును బట్టి ఆమె పనికొస్తుందో లేదో తేలుస్తారు. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన పిల్లిని రోజుకో గదిలో బంధించి, దీనికి దారి తెలీదని చీవాట్లు పెట్టినట్టు. చదువులో నేర్చుకున్నదానికీ వార్డులో కనపడేదానికీ మధ్య పడే ఈ దెబ్బకు మార్లీన్ క్రేమర్ అనే ఆవిడ 1974లోనే రియాలిటీ షాక్ అని పేరు పెట్టారు. పేరు పెట్టి యాభై ఏళ్లు దాటింది కాబట్టి ఈపాటికి అందరికీ అలవాటైపోయి ఉంటుందని యాజమాన్యాల ధీమా.

పేషెంట్ల సంఖ్య విషయంలోనూ కొందరు పనిగట్టుకుని అల్లరి చేశారు. లిండా ఐకెన్, ఆవిడ తోటి పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. సర్జరీ అయిన పేషెంట్లను చూసే నర్సు మీద అదనంగా ఒక్క పేషెంట్ పడినా, నెలరోజుల్లోపు మరణించే అవకాశం సుమారు 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. ఇలాంటివి చదివితే మనసు పాడవుతుంది. అందుకే కాబోలు, ప్రొబేషన్ ఫారంలో నర్సు ఎంతమంది పేషెంట్లను చూస్తోందన్న గడి ఉండదు. ఎంత చిరునవ్వుతో చూస్తోందన్న గడి ఉంటుంది.

ఇంత చక్కటి వ్యవస్థను సగంలో ఆపడం నాకు నచ్చదు, పూర్తిగా అమలు చేయాలి. నర్సు కన్ఫర్మ్ కాలేదంటే ఆమె చేసిన పనీ కన్ఫర్మ్ కాలేదనే కదా. ఆమె ఇచ్చిన ఇంజెక్షన్ ఆర్నెల్లపాటు తాత్కాలిక ఇంజెక్షన్‌గా పరిగణించాలి, దాని బిల్లు కూడా పేషెంట్ తాత్కాలికంగానే చెల్లించాలి, కన్ఫర్మేషన్ లెటర్ వచ్చాక మిగతాది. అక్కడ మాత్రం మొత్తం అడ్వాన్స్‌గా కట్టించుకుంటారు, నమ్మకానికి లోటు రాదు. ఇంకో మాట. గుండెపోటు వచ్చినవాళ్లకు ముందుగానే నోటీసు ఇవ్వడం న్యాయం: ఈ రాత్రి మీ ఛాతీ మీద నొక్కబోయే సిస్టర్ మీద మాకు పగటిపూట నమ్మకం లేదు, వీలైతే మధ్యాహ్నం రండి, సీనియర్లు ఉంటారు. మధ్యాహ్నం సీనియర్లు ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు తెచ్చే అక్రెడిటేషన్ ఫైళ్లు రాసుకుంటూ ఉంటారనుకోండి, అది వేరే విషయం.

ప్రొబేషనే వద్దంటున్నానని అనుకోకండి. కొత్తగా వచ్చినవాళ్లను కొన్నాళ్లు చూసి తీసుకోవడం ఆసుపత్రికి అవసరమే, చేతకానివాళ్ల చేతికి సిరంజి ఇవ్వమని ఎవరూ అడగరు. పద్ధతిగా చేసేవాళ్లు ఏం చేస్తారంటే, మొదటి కొన్ని వారాలు కొత్త నర్సును డ్యూటీ లెక్కలోకే తీసుకోరు. వార్డుకు నలుగురు కావాలంటే నలుగురు పాతవాళ్లుంటారు, ఈమె ఐదో మనిషి. పక్కన ఒక సీనియర్ ఉండి చేయించి, చూసి, ఏది వచ్చో ఏది రాదో రాస్తారు, ప్రశ్న అడిగితే మెచ్చుకుంటారు కూడా. కానీ ఇందులో ఎంత నష్టం! ఒక మనిషికి జీతం ఇచ్చి నేర్పించడమా? అదే డబ్బుతో లాబీలో ఒక ఫౌంటెన్ పెట్టించొచ్చు, చూసినవాళ్ల కళ్లకు చల్లగా ఉంటుంది. అందుకే మన దగ్గర ఐదో మనిషే నాలుగో మనిషి. ఒక్కో రాత్రి రెండో మనిషి కూడా ఆమే. మగ నర్సులైతే స్ట్రెచర్ తోసే మనిషి రానప్పుడు ఆ లెక్కలోకి కూడా వస్తారు.

వెళ్లిపోవడంలోనూ ఇదే నీతి. నచ్చకపోతే యాజమాన్యం ఆమెను ఒక్కరోజు చెప్పి పంపించొచ్చు, ఆమెకు నచ్చకపోతే నెల ముందు చెప్పాలి, ఈలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో క్షేమంగా ఉంటాయి. ఎందుకు పెట్టుకున్నారని అడిగితే భద్రత కోసమంటారు. మార్ఫిన్ తాళాలు ఆమె జేబులో, ఆమె డిగ్రీ వాళ్ల బీరువాలో.

ఇన్ని దాటుకుని ఉన్నవాళ్లకు ఒకరోజు కన్ఫర్మేషన్ వస్తుంది. పిలిచి చెప్పరు, మెయిల్లో పంపుతారు, మూడు వారాల కిందటి తేదీ ఉంటుంది. ఆమె దాన్ని చదివే టైముకు ఇన్‌ఛార్జ్ మేడమ్ నుంచి ఇంకో మెసేజ్ వచ్చి ఉంటుంది: రేపటినుంచి ఇద్దరు కొత్త పిల్లలు నీ కింద, నువ్విప్పుడు సీనియర్‌వి, వాళ్లను ట్రెయిన్ చెయ్, నీ పేషెంట్లు మాత్రం నీకే ఉంటారు. నిన్నటిదాకా సెలవు అడగడానికి కూడా అర్హత లేని మనిషి ఇవాళ ఇంకొకరి భవిష్యత్తు తేల్చాలి. పొద్దున్న డ్యూటీకి వెళ్లేసరికి టేబుల్ మీద రెండు ఫారాలు ఉంటాయి, పిల్లల మొహాలు చూడకముందే పెన్సిల్‌తో సగం నింపేసి ఉంటాయి, ఆటిట్యూడ్ గడిలో మాత్రం ఆమె సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టి మధ్యాహ్నంలోపు పంపించమని పైన ఒక చీటీ అంటించి ఉంటుంది.